సముద్రంలో గుచ్చిన కథ

ఆయమ్మ చిన్న కుర్చీలను తుడిచి గుండ్రంగా వేస్తోంది. మోకాలు సహకరించక మధ్యమధ్య గోడ పట్టుకుంటోంది. బడి వెనక గదిలో ఉంటూ ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే: ఊడవడం, గ్లాసులు కడగడం, ఏడ్చే పిల్లలను చంకనేసుకోవడం.

టీచరు గోడమీది ప్రపంచపటాన్ని సరిచేస్తోంది. పిల్లలకు ఏ దేశపు కథ చెబితే ఆ దేశంలో ఒక గుండుసూది. ఆ పద్ధతి చూడటానికి ఇవాళ పై అధికారి వస్తోంది.

"టీచరమ్మా, గాలికి ఇల్లు కట్టిన పిచ్చుక కథ ఎక్కడ పెట్టారు?"

టీచరు వేలితో చూపించింది.

"అంతా నీళ్ళే కదమ్మా! ఈత రానిదాన్ని, సముద్రంలో దింపారేం?"

"మీవాళ్ళు ఒకచోట ఉంటేగా ఆయమ్మా, సూది గుచ్చడానికి! అక్కడ చిన్న దీవి ఉందిలే."

కథ ఆయమ్మదే. ఊరూరా తిరిగే తనవాళ్ళ భాషలోంచి ముక్కముక్కగా చెబితే టీచరు రాసుకుంది.

"ఒక్కసారి నేను చెప్పనా? అందులో పాట కూడా ఉంది. నా తర్వాత ఎవరికీ రాదు."

"ఇవాళ వద్దు. రేపు చెబుదువుగాని."

"రేపంటే రేపేనా, పిల్లల్ని మరిపించినట్టా?"

"రేపే. ఒట్టు."

టీచరు చెప్పిన పిచ్చుక కథ విని అధికారి మురిసిపోయింది. "ఇది ఎక్కడ దొరికిందండీ?"

ఆయమ్మ గుమ్మంలో ఒక పాప ముక్కు తుడుస్తోంది.

"ఏదో పాత పుస్తకంలోనండీ," అంది టీచరు.

ఆయమ్మ తలెత్తలేదు. తుడిచిన ముక్కునే మళ్ళీ తుడిచింది.

బడి వదిలాక టీచరు ఆ సూదిని పీకి, ఎక్కడ గుచ్చాలో తెలియక చేతిలో పట్టుకునే వెనక గదికి వెళ్ళింది.

"ఆయమ్మా, రేపు మొదట నువ్వే. కథ నీదని అందరికీ నేనే చెబుతాను."

ఆయమ్మ గోడకు జేరబడి కూర్చుని ఉంది. భుజం తాకితే తల పక్కకు వాలింది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎవరికి కబురు పెట్టాలని అడిగాడు. టీచరుకు తెలియదు. పాటలో ఒక్క మాటైనా గుర్తుందేమోనని వెతుక్కుంది. విననిది గుర్తెలా ఉంటుంది?

ఆయమ్మ పెట్టె అడుగున దాచుకునే నీలం శాలువా పెరట్లో తాడుమీద ఉతికి ఆరేసి ఉంది. రేపటికి ముడతలు లేకుండా నాలుగు అంచులూ లాగి క్లిప్పులు పెట్టిన ఆ శాలువా నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.