ఆరుగురి లిఫ్టు

మా లిఫ్టులో ఒక రేకు మీద 'ఆరుగురు మాత్రమే' అని రాసి ఉంటుంది. మేము సరిగ్గా ఆరుగురం. అది రాసినవాడు ఏ ఆరుగురిని చూసి రాశాడో గానీ, మమ్మల్ని మాత్రం చూసి ఉండడు. ఐదో అంతస్తులో మేము కట్టుడు పళ్లు తయారుచేస్తాం. పొద్దున అందరం ఒకేసారి వచ్చి ఒకేసారి లిఫ్టెక్కేవాళ్లం. ఆరో మనిషి కాలు లోపల పడగానే గంట మోగేది. ఆ ఆరో మనిషిని నేను.

దిగమని ఎవరూ అనేవారు కాదు, అందరూ మర్యాదస్తులే. నా వైపు చూసేవాళ్లు, అంతే. నేను అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు "అయ్యో, వాచ్‌మన్‌తో ఒక మాట చెప్పాలి, మీరు పదండి" అంటూ దిగిపోయేదాన్ని. వాచ్‌మన్‌తో నాకు రోజూ అంత ముఖ్యమైన మాటలేముంటాయని ఒక్కరికీ అనుమానం రాలేదు. తలుపులు మూసుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఏడుపు కూడా వచ్చేది గానీ, మెట్ల మీద ఆయాసంలో అది ఎవరికీ కనిపించేది కాదు.

ఒకరోజు ఆ మంట నెత్తికెక్కింది. గంట మోగింది, అందరూ చూశారు, నేను కదల్లేదు.

"ఇవాళ నేను దిగను. ఇంకెవరైనా దిగండి, చూద్దాం" అన్నాను.

ముందు పాలిష్ బాబాయి దిగాడు. పళ్లకు మెరుపు తెప్పించే పని ఆయనది, మాలో పెద్దవాడు. గంట ఆగింది. ఆయన మళ్లీ ఎక్కాడు, మోగింది. మైనంతో చిగుళ్లు దిద్దే మా మైనం వదిన దిగింది, ఆగింది. ఆ చిగుళ్లలో పళ్లు పేర్చే అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు దిగారు, ఇద్దరికీ ఆగింది. చివరికి మేనేజరు గారు "నాదేముంది, అంతా ఎముకలే" అని గొణుగుతూ దిగారు. ఎముకలకు కూడా ఆగింది.

"చూశారా? ఎవరు దిగినా ఆగుతోంది. అంటే ఈ మోత నా ఒక్కదాని పుణ్యం కాదు, మనందరిదీ" అన్నాను.

బాబాయి తల గోక్కున్నాడు. "నిజమేనమ్మాయ్. ఇన్నాళ్లూ నీ మీదికి తోసేసి హాయిగా ఉన్నాం. ఒక పని చేద్దాం. ఆరుగురం కలిసి గంట మోగకుండా ఎక్కేదాకా, ఒక్కరం కూడా లిఫ్టు ముట్టుకోవద్దు."

అలా మొదలైంది మా మెట్ల దండయాత్ర. మొదట్లో మూడో అంతస్తు దగ్గరే అందరి ప్రాణాలూ కళ్లలోకి వచ్చేవి. అక్కడ కిటికీ గట్టు మీద కూర్చుని, వెనకబడ్డవాళ్లు వచ్చేదాకా ఆగి, కలిసి పైకి పోయేవాళ్లం. మధ్యాహ్నం ఆరు డబ్బాలూ ఒకే బల్ల మీద మూతలు తీయాలి. ఎవరి డబ్బాలో నూనె తేలినా పక్కవాళ్లు చెంచాతో చూపించి పరువు తీసేవాళ్లు. అయినా ఎవరైనా నీరసపడితే తిట్టేవాళ్లు కాదు. నా మోకాళ్లు పట్టేసిన వారం మైనం వదిన నా చెయ్యి పట్టుకుని, మెట్టుకొక తిట్టు చొప్పున తన మొగుణ్ణి తిడుతూ పైదాకా తీసుకెళ్లింది. ఆ తిట్లు వినడానికైనా పైదాకా ఎక్కాల్సి వచ్చేది.

నెమ్మదిగానే అయినా తగ్గాం. నా ఏప్రాన్ తాళ్లు ఒకప్పుడు వెనక ముడికే అందేవి కావు, ఇప్పుడు చుట్టూ తిరిగి ముందుకొచ్చి ముడి పడుతున్నాయి. బాబాయి ప్యాంటు జారిపోకుండా చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. సన్నబడితే పాత జాకెట్లన్నీ పడతాయని వదిన ఆశ. నా ఆశ వేరు. ఒక్కసారి ఆ లిఫ్టులో ఐదుగురి మధ్య నిలబడి, ఒక్క చూపు కూడా తగలకుండా పైకి పోవాలి.

నెలాఖరులో ఒకసారి అందరం లిఫ్టెక్కి పరీక్ష పెట్టుకునేవాళ్లం. కిందటిసారి గంట మోగింది గానీ, మేనేజరు గారు బూట్లు విప్పి బయటికి విసిరితే ఆగిపోయింది. అక్కడే గంతులేశాం. ఇంకొక్క నెల, అంతే. ఈసారి ఖాయమని ముందే పార్టీ ఏర్పాటు చేసుకున్నాం.

ఆ పార్టీకి నేనొక బహుమతి తయారుచేశాను. మా ల్యాబులో అచ్చులు పోసేది నేనే. ప్లాస్టర్ కొత్త మూట విప్పినప్పుడల్లా మా పళ్ల అచ్చుల్లోనే పోసి చూస్తాం, కాబట్టి అందరి నోళ్లూ నా బీరువాలో ఉంటాయి. ఆ ఆరు నోళ్లనూ ఇంటికి తెచ్చి, బాగా మందంగా పోసిన ప్లాస్టర్ పలక మీద, ఆరుగురం కలిసి పగలబడి నవ్వుతున్నట్టు నిలబెట్టాను. మా అత్తయ్య మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి ఉలిక్కిపడ్డారు.

"ఇదేంటే, నా వంటింట్లో ఇంతమంది నవ్వుతున్నారు?"

"మా ఆఫీసువాళ్లు అత్తయ్యా."

"నవ్వరా మరి! బంగారంలాంటి కోడల్ని కరగదీసి పెట్టారు" అన్నారావిడ, నేను చేసిచ్చిన కట్టుడు పళ్లను పటపటా కొరుకుతూ.

పార్టీ రోజు పొద్దున అందరూ పరీక్షకు తయారై వచ్చారు. అన్నదమ్ములు పల్చటి చెప్పులు వేసుకున్నారు. వదిన గాజులు తీసేసింది. మేనేజరు గారు జేబులో పెన్ను కూడా వాచ్‌మన్‌కి అప్పగించారు. నేనేమో బహుమతి సంచిని చీరకొంగు చాటున పెట్టుకుని, ఇది ఎవరి కంటా పడకుండా పైకి ఎలా చేర్చాలా అనే ధ్యాసలోనే ఉన్నాను. భుజం లాగేస్తున్నా నా బుర్రకు ఇంకేమీ తట్టలేదు.

అందరూ ఎక్కారు. తమ్ముడు ఐదో నంబరు నొక్కి తలుపు పట్టుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టి కాలు లోపల పెట్టాను.

మోగింది.

ఇక చూస్తారు అనుకున్నాను. ఆ చూపుల కోసమే తల వంచుకుని నిలబడ్డాను. కానీ ఒక్కరూ చూడలేదు. తలెత్తితే, అందరూ ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు.

"నేనేనమ్మా" అన్నాడు బాబాయి, సన్నగా. "నా మిషను పక్కన పాలిష్ పొడి అని రాసిన డబ్బా ఉంది చూడు. అందులో పొడి లేదు. బిస్కెట్లున్నాయి." తలొంచుకుని దిగిపోయాడు. గంట ఆగింది.

ఆగింది కదా అని ఊరుకోవచ్చు. వదిన ఊరుకోలేదు. "మీరెందుకు దిగడం, పాపం నాది! నా సొరుగులో మైనం రేకుల కింద చాక్లెట్లున్నాయి" అంటూ తనూ దిగింది.

"అన్నయ్య రోజూ వీధి చివర బన్ను తింటాడు, నేను చూశాను" అన్నాడు తమ్ముడు.

"సగం నువ్వే లాక్కుంటావు కదరా!" అని అన్న వాడి కాలరు పట్టుకున్నాడు. ఇద్దరూ తోసుకుంటూ బయటపడ్డారు.

మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "నేనేమీ తినలేదు. కాకపోతే, మీరంతా మెట్లెక్కాక ఒకట్రెండు సార్లు... లిఫ్టులో వచ్చాను." ఆయన దిగుతుంటే బయట నలుగురూ ఒక్కసారిగా "సార్!" అని అరిచారు.

ఆ అరుపుల మధ్య తలుపులు మూసుకుని, లిఫ్టు నన్నొక్కదాన్నే ఎక్కించుకుని బయల్దేరింది. ఒకప్పుడు ఒంటరిగా కింద మిగిలిపోయేదాన్ని, ఇవాళ ఒంటరిగా పైకి పోతున్నాను. రెండూ ఒకేలా ఉన్నాయి. దిగులుతో భుజం మీది సంచి కింద పెట్టాను. దబ్బుమని చప్పుడైంది. లిఫ్టు కాస్త ఊగింది కూడా. అప్పుడు అర్థమైంది, ఆ మోత ఎవరిదో. అద్దంలో నా మొహం చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. పట్టుకోవడానికి ఇదివరకంత పొట్ట కూడా లేదు.

సంచిని ల్యాబు గుమ్మం ముందు పెట్టి, అలవాటు కొద్దీ మెట్ల మీదుగానే దిగాను. ఐదుగురూ కింది మెట్టు మీద తలలు వేలాడేసుకుని కూర్చున్నారు. అసలు సంగతి చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ అంత మంచి అవకాశం మళ్లీ రాదు.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాను గంభీరంగా.

ఉన్నాయి. వదిన ఐస్‌క్రీము సంగతి బయటికొచ్చింది. బాబాయికి రెండో డబ్బా కూడా ఉందని తేలింది. అన్నీ ఓపిగ్గా విన్నాను.

"సరే. ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు కదా. ఎంత తేలికయ్యారో చూద్దాం, పదండి" అన్నాను.

"వద్దమ్మాయ్, మళ్లీ మోగితే నువ్వు బాధపడతావు" అన్నాడు బాబాయి.

"మోగితే నేను దిగుతాను."

"నువ్వు దిగవు" అంది వదిన, నన్ను అందరికన్నా ముందు లిఫ్టులోకి నెట్టేస్తూ. "అద్దం దాకా పోయి నిలబడు. దిగాల్సి వస్తే గుమ్మం దగ్గరున్న మేం దిగుతాం."

ఒక్కొక్కరే ఎక్కారు. ఆఖరున బాబాయి, ప్యాంటు పట్టుకుని, పిల్లిలా కాలు పెట్టాడు. గంట మోగలేదు. తలుపులు మూసుకున్నాయి. రెండో అంతస్తు దాటేదాకా ఎవరూ ఊపిరి తీయలేదు. తర్వాత అందరం ఒక్కసారే అరిచాం. అందరి మధ్యా ఇరుక్కుని, వదిన భుజంలో మొహం దాచుకుని నేను ఏడ్చేశాను. ఈసారి దాచడానికి ఆయాసం కూడా లేదు.

పైన గుమ్మం ముందు సంచి బాబాయి కాలికి తగిలింది. ఎత్తబోయి, నడుం పట్టుకుని వదిలేశాడు.

"ఏంటమ్మాయ్ ఇది, బండరాయిలా ఉంది! ఇదెప్పుడొచ్చింది పైకి?"

"ఇందాక, నాతోపాటే."

మేనేజరు గారికి అందరికన్నా ముందు లెక్క తేలింది. "అంటే... నేను లిఫ్టెక్కిన సంగతి చెప్పనవసరం లేదన్నమాట."

"లేదు సార్. కానీ చెప్పేశారు."

పలక మీది ఆరు నోళ్లనూ చూశాక గానీ వాళ్లకు నవ్వు రాలేదు. వచ్చాక ఆగలేదు. బిస్కెట్ల డబ్బాలు రెండూ అప్పుడే బల్ల మీదికొచ్చాయి. తలా ఒకటి తిని, మూత పెట్టేశాం.

సోమవారం నేను కొంచెం ఆలస్యంగా వచ్చాను. ఐదుగురూ లిఫ్టులో ఉన్నారు, బాబాయి తలుపుకు కాలు అడ్డం పెట్టాడు. ఐదుగురూ నా వైపే చూస్తున్నారు.

"తొందరగా రా అమ్మాయ్! నువ్వు లేకుండా ఎలా పోతాం?"

"అయ్యో, వాచ్‌మన్‌తో ఒక మాట చెప్పాలి, ఆగండి" అన్నాను. వాళ్లను అలా ఇంకాసేపు నిలబెట్టాలనిపించి, నిజంగానే వెళ్లి వాచ్‌మన్‌తో ఒక మాట మాట్లాడి వచ్చాను.