మాట పూర్తయ్యేదాకా చేతులు జేబులో

ప్రెస్సు దుబాసికి వచ్చినంత జర్మన్, జర్మనీవాళ్లకే రాదు. కావాలంటే పందెం కాయండి.

అచ్చుయంత్రం బిగించడానికి వచ్చిన జర్మన్ మేస్త్రీ నోరు తెరిస్తే గూడ్సు బండే. మొదటి పెట్టె మన ముందుకొచ్చేసరికి చివరి పెట్టె పొరుగూళ్లో ఉండేది. చెయ్యమన్నాడో, వద్దన్నాడో ఆ చివరి పెట్టెలోనే తెలిసేది. ఒకసారి కంపోజిటరు వాక్యం మధ్యలో వెళ్లి టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా అది ముగియలేదు. దుబాసి మాత్రం కళ్లు మూసుకుని, వేలు పైకెత్తి, ఒక్కో ముక్కా మనసులో పేర్చుకుంటూ ఆగేవాడు; మాట పూర్తయ్యాకే వేలు దించి తెలుగులో చెప్పేవాడు. సిరా, కిరసనాయిలు కలిసిన ఆ వాసనలో అలా ఆగడం ఆయనకెంత ఇష్టమో!

ఓనరుకి ఆ ఆగడమే గిట్టేది కాదు.

"నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావటయ్యా? ఇవాళ్టినుంచి ఆయన ఒక ముక్క అంటే నువ్వూ ఒక ముక్క అను. లేదంటే రేపట్నుంచి రాకు. జర్మన్ పరీక్ష పాసైనవాడు ఇంకొకడున్నాడు."

నిజానికి దుబాసి జర్మన్ మొత్తం రెండువందల మాటలు, అందులో సగం బోల్టుల పేర్లు. పందెం కాసినవాళ్లు మన్నించాలి.

యంత్రం తిరుగుతోంది. అక్కడే పనిచేసే దుబాసి బావమరిది గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మేస్త్రీ మొదలెట్టాడు.

"ఈ రోలరుని..." అన్నాడు దుబాసి, ఓనరు వైపు బెదురుగా చూస్తూ. "అది తిరుగుతుండగా... గుడ్డ పెట్టి... పక్కనుంచి వంగి..."

"ఓస్, ఇంతేనా బావా!" అంటూ బావమరిది వంగాడు.

చివరి ముక్క ఇంకా రాలేదు. ఉద్యోగమా, ఆ చెయ్యా? దుబాసి నోరు మూసుకుని, కాలరు పట్టుకుని వెనక్కి లాగేశాడు.

"ఆగరా! ఆయనింకా అనలేదు!"

గుడ్డ రోలరులోకి పోయి పీలికలై బయటికొచ్చింది. అప్పుడు పూర్తయింది మేస్త్రీ వాక్యం.

"ఏమన్నాడయ్యా?" ఓనరు గొంతు సగమైపోయింది.

"ఎప్పుడూ తుడవకూడదన్నాడండీ."

"నువ్వు ఆగయ్యా. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగు."

అది మొదలు మేస్త్రీ నోరు తెరిస్తే అందరి చేతులూ జేబుల్లోకి వెళ్లేవి, దుబాసి వేలు దిగేదాకా. అదేదో మర్యాద అనుకుని మేస్త్రీ కూడా, ఎవరు మాట్లాడినా జేబులో చేతులు పెట్టుకునేవాడు. ఆ యంత్రం పాతఇనుముకి పోయి ఎన్నేళ్లయిందో. అంత ఓపిగ్గా ఒకరి మాట ఒకరు వినే చోటు మళ్లీ దుబాసికి దొరకలేదు.

ఇందులో కల్పించింది ఒక్కటే. దుబాసి పట్టుకున్నది కాలరు కాదు, చెవి. బావమరిది ఇంకా ఉన్నాడు, ఇది చదువుతాడు.