మిగతాదంతా బంట్ల పని

చదరంగం మాస్టారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ సంగతి శిష్యులందరికీ తెలుసు. తన కాలి దగ్గరకొచ్చేసరికి మాత్రం రెండూ ఉండి తీరాలని భీష్మించుకున్నాడు. చక్కెర జబ్బుతో కుడి పాదం నల్లబడింది. మోకాలి కింద తీసెయ్యకపోతే విషం ఒళ్లంతా పాకుతుందని, సాయంత్రంలోగా సరేననాలని డాక్టరు చెప్పి వెళ్లాడు. చస్తే రెండు కాళ్లతోనే చస్తానని మాస్టారు ఆసుపత్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కూతురు బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. ఆ గోడకు చెప్పినా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే. చివరికి ఇంటికెళ్లి చదరంగం బల్లా, పాత పుస్తకమూ పట్టుకొచ్చింది.

ఆయన ఆట నేర్పేది ఆ పుస్తకంతోనే. అందులో వెనకటి ఉద్దండుల ఆటలున్నాయి. ఎత్తుల మీద అట్టముక్క కప్పి, ఇక్కడ ఆయనేం ఆడుంటాడో చెప్పమనేవాడు. చెప్పాక అట్ట కిందికి జరిపేవాడు. ఒక ఆటలో ఆ ఉద్దండుడు రాజును దక్కించుకోవడానికి మంత్రినే వదులుకుంటాడు. చిన్నప్పుడు కూతురికి అది ఎంతకీ తట్టేది కాదు. పాపం, మంత్రిని వెనక్కి లాక్కునేది. పిసినారిదానా అని మొట్టికాయ వేసి, మంత్రిని తనే ఇచ్చేసి, ఆహా అంటూ పుస్తకం మూసేసేవాడు. తర్వాతేమైందని అడిగితే, మిగతాదంతా బంట్ల పని అని కొట్టిపారేసేవాడు.

ఆ ఆటనే ఇప్పుడు మంచం మీద పరిచి, ఆ ఎత్తు మీద అట్ట కప్పింది.

"ఇక్కడ ఆయనేం ఆడుంటాడు నాన్నా?"

కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. తల మాత్రం తిప్పి మంత్రిని వెనక్కి జరిపి, మళ్లీ గోడవైపు తిరిగాడు.

"ఇలా ఆడితే నన్ను పిసినారిదన్నావు."

"అది చెక్కబొమ్మ. ఇది నా కాలు."

ఆమెకు గుండె తరుక్కుపోయింది. కానీ జాలిపడి ఊరుకుంటే మనిషే దక్కడు. మంత్రిని తనే ఇచ్చేసింది. పుస్తకం మాత్రం మూయలేదు. అట్ట జరిపి తర్వాతి ఎత్తు ఆడింది.

మాస్టారు ఇటు తిరిగాడు. ఆ పేజీ ఆయన ఏ శిష్యుడికీ చూపించి ఎరగడు. మంత్రి పోయాక గెలుపేమీ ఉరుక్కుంటూ రాలేదు. రాజు మూలనుంచి మెల్లగా బయటికొచ్చాడు. బంటు ఒక గడి నడిచింది. మళ్లీ ఒక గడి. పేజీ తిప్పితే అక్కడా అదే. కూతురు కళ్లు తుడుచుకుంటూనే జరుపుతోంది. ఒకచోట తప్పు గడిలో పెడితే ఆయన చెయ్యి చాపి సరిచేశాడు. ఆపైన ఆయనే జరిపాడు. బంటు చివరి వరుస చేరి మంత్రి అయింది.

"నాకు కాలు మొలవదమ్మా," అన్నాడు.

"మొలవదు. నాకు నువ్వుంటావు."

ఆయన చాలాసేపు పాదం వైపు చూశాడు. కూతురు బొమ్మలు సర్ది పుస్తకం మూయబోయింది.

"డాక్టర్ని పిలువు," అన్నాడు. "దాన్ని మూయకు."