రిలీవర్ వచ్చేదాకా

నరసింగరావుకి యోగా అంటే ఒళ్లుమంట. భిలాయి స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల సెగ దగ్గర ముప్పై ఆరేళ్లు నిలబడ్డవాడికి, ఇప్పుడు కాళ్లు మడిచి కూర్చోవడం ఎవరో నేర్పాలా? కానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు తిట్టాడు. అంతకు ముందే భార్య జోగమ్మ తిట్టింది. జోగమ్మ తిట్టాక ఇంక అప్పీలు లేదు.

నిజం చెప్పొద్దూ, ఆయనకీ బతకాలనే ఉంది. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆయన ఇంటికొచ్చే వేళకి ఆమె నిద్రలో ఉండేది, ఆమె లేచే వేళకి ఈయన నిద్ర. రిటైరై రెండేళ్లే అయింది. మొగుడూ పెళ్లాం ఒకే వేళకి లేవడం, ఒకే వేళకి పడుకోవడం ఇప్పుడే మొదలైంది. ఇలా ఇంకో పదేళ్లు గడిస్తే చాలనుకున్నాడు. పాపం, గొంతెమ్మ కోరికేం కాదు కదా!

అందుకని ఓ సోమవారం పొద్దున్నే సెక్టర్ 6లోని పాత హాలుకి నడిచి వెళ్లాడు. అక్కడ యోగా నేర్పే సుప్రియ భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడినా అందులో సగం హిందీ. గుమ్మంలోనే ఆపేసింది.

"అంకుల్, చప్పల్ బయట. ఫోన్ బంద్. రేపట్నుంచి ఖాళీ కడుపుతో పది నిమిషాలు ముందే రావాలి. వేరేవాళ్ల చాప తొక్కకూడదు. నొప్పొస్తే ఆపెయ్యండి, పక్కవాళ్లని చూసి జిద్ చెయ్యొద్దు, పంతం వద్దు."

"అంతేనా తల్లీ?"

"ఇంకోటుంది." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఆఖర్న శవాసనం. అప్పుడు కళ్లు తెరవొద్దు, పక్కకి చూడొద్దు, మాట్లాడొద్దు. అదిగో, ఆ మూల ఎవరూ చాప వెయ్యరు. నాకు నేర్పిన దీదీ చెప్పింది. ఎందుకని అడక్కండి, నాకూ తెలీదు."

హాలంతా నిండిపోయింది. ఆ మూలకి పక్కన ఒక్క చాప పట్టే చోటు మిగిలితే అక్కడే పరిచాడు. చేతులెత్తమంటే ఎత్తాడు, వంగమంటే సగం వంగాడు. ముందు వరసలో డెబ్బై దాటిన పార్వతమ్మగారు అలవోకగా కాలివేళ్లు పట్టుకుంటుంటే ఈయనకి తల కొట్టేసినట్టయింది.

చివరికి శవాసనం వచ్చింది. వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి చెవుల్లో ఏదో వెలితి. రాత్రీ పగలూ ఆగని ప్లాంటు హోరు, పుట్టిబుద్ధెరిగి ఆగడం వినని హోరు, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మూలవైపు నుంచి ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు.

కళ్లు తెరిచి పక్కకి చూశాడు. చాప లేకుండా గచ్చు మీద ఒక మనిషి. ఖాకీ చొక్కా, తల దగ్గర హెల్మెట్, కాళ్లకి బూట్లు. రెప్ప వెయ్యకుండా పైకప్పుకేసి చూస్తున్నాడు.

"ఏటి బాబూ, బూట్లిప్పలేదేటి?" అన్నాడు నరసింగరావు గుసగుసగా.

"డ్యూటీలో ఉన్నానండి. రిలీవర్ రాలేదు."

ప్లాంటులో అదొక ధర్మం. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి తన చోట నిలబడేదాకా ఎవడూ కదలకూడదు. ఆ రాని రిలీవర్ కోసం కళ్లు కాయలు కాసేలా చూడడం ఎలా ఉంటుందో నరసింగరావుకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"ఎప్పట్నుంచి?"

"లెక్క మరిచిపోయానండి. ఇంటికాడ పిల్లలు చూస్తంటారు."

నరసింగరావు మనసు నీరైపోయింది. ముప్పై ఆరేళ్ల అలవాటు ఆయన నోట పలికింది. "అయ్యయ్యో! మీరెల్లండి బాబూ. నేనున్నాను కదా."

ఆ మనిషి తల తిప్పి చూశాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. హెల్మెట్ తీసుకుని లేచి, చాపల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు మాత్రం లేదు.

నరసింగరావు వీపుకి చల్లటి గచ్చు తగిలింది. తానిప్పుడు మూలలో ఉన్నాడు. పక్కన చాప మీద నోరు కొంచెం తెరుచుకుని పడుకున్నదీ తనే.

సుప్రియ లేవమంది. అందరూ లేచారు. చాప మీది మనిషి లేవలేదు. భుజం తట్టి చూసి ఆ పిల్ల కెవ్వుమంది. గుండె ఆగిందన్నారు, మోసుకుపోయారు. "నేనిక్కడున్నాను రా బాబూ" అని ఆయన గొంతు చించుకున్నాడు. ఒక్కరు వినలేదు. లేవబోతే వీపు గచ్చుని వదల్లేదు. అప్పుడు వేసింది ఆయనకి భయం, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

రోజులు గడిచాయి. ఆ పక్క చోటు కూడా సుప్రియ ఖాళీగా వదిలేసింది. ఎవరో ఒకరు పక్కన పడుకుని 'నేనున్నాను కదా' అనే ఆ ఒక్క మాట అంటే చాలు, ఇక్కణ్ణుంచి వెళ్లిపోవచ్చు. అనేవాళ్లేరీ?

మూడో నెలలో జోగమ్మ వచ్చింది. చిక్కిపోయింది. "మా ఆయన పడుకున్న చోటే పరుస్తాను" అంది. సుప్రియ వద్దంటే, "నీ రూల్సు నీ దగ్గరుంచుకోమ్మా" అని పరిచేసింది.

శవాసనంలో ఎవరూ పిలవకుండానే ఆమె ఇటు తిరిగింది. బెదరలేదు.

"ఏటండీ, ఇక్కడున్నారా? ఇల్లు గుర్తు లేదేటి మీకు?"

 ఆయనకి ఒళ్లంతా ఇంటికి పోదామని కొట్టుకుంటోంది. ఆమె మొహంలోకి చూశాడు.

"రిలీవర్ రాలేదేటి?" అంది జోగమ్మ.

రాలేదంటే చాలు. ఆ వెంటనే ఆమె ఏమంటుందో ఆయనకి తెలుసు. తనకి ఒళ్లు కాలిపోయే జ్వరమున్నా ఆయన్ని పడుకోమని, పిల్లల్ని తను చూసుకున్న మనిషి.

"వచ్చీసేడు" అన్నాడు. ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అదే. "బట్టలు మార్చుకుంటన్నాడు. నువ్వు నడువు. ఎనకాలే వస్తాను."

 "తలుపు గడియ పెట్టను. చప్పున రండి" అని లేచి చాప చుట్టేసింది.

"ఆంటీ, మధ్యలో లేవకూడదు!" అంది సుప్రియ.

"డ్యూటీ అయిపోయిందమ్మా. మా ఆయనొచ్చేస్తన్నారు" అంది జోగమ్మ. ఎన్నాళ్లకో ఆమె గొంతులో నవ్వు.

ఒంటరి ఆడది, గడియ పెట్టుకోమని అరుద్దామనుకున్నాడు నరసింగరావు. అప్పటికే ఆమె మెట్లు దిగిపోయింది.