నొప్పి ఎవరికి వెళ్ళింది

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట వినపడే మాట "మీ ఆయనతో చెప్పు". దాని వెనకే "మీ అమ్మగారితో చెప్పు" అని ఇంకోటి వచ్చేది. మధ్యలో నిలబడి ఇటు విని అటు చెప్పేది నీళ్ళమ్మ.

అది ఆమె అసలు పేరు కాదు. ఊరికి మంచినీళ్ళు పంపే కేంద్రంలో పరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. గాజు సీసాల్లో నీళ్ళు పట్టి, రంగూ వాసనా చూసి, తాగొచ్చో లేదో తేల్చేది. దానితో వీధిలో ఆ పేరు పడింది. ఆమె భర్త కళ్ళద్దాల దుకాణం నడిపేవాడు కాబట్టి ఆయన కళ్ళద్దాలాయన. తల్లి ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సులో టిక్కెట్లు కొట్టింది కాబట్టి కండక్టరమ్మ. బస్సు దిగి చాలాకాలమైనా కండక్టరమ్మ గొంతు ఇంకా వెనక సీటు దాకా వినపడేది. అల్లుడిది మాత్రం అద్దం తుడిచినంత మెత్తని మాట.

"ఆ ఫ్యాను లారీలా మోగుతోంది, చెవుడు లేకపోతే మీ ఆయనకి వినపడుతూనే ఉండాలి" అని కండక్టరమ్మ అనేది. నీళ్ళమ్మ భర్త దగ్గరికి వెళ్ళి, "అమ్మకి సరిగ్గా నిద్ర పట్టడం లేదట, వీలున్నప్పుడు ఫ్యాను చూడండి" అని చెప్పేది. "ఫ్యానుకేం, బాగానే ఉంది. మీ అమ్మగారు ఆ స్విచ్చిని అస్తమానం తిప్పకుండా ఉంటే చాలు" అని ఆయన అంటే, తల్లి దగ్గరికి వచ్చేసరికి అది "రేపు చూస్తారట" అయ్యేది. ఇలా మాటలు వడపోసి అందించబట్టే ఇల్లు నిలబడిందని నీళ్ళమ్మ గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే వచ్చిన అవకాశాన్ని కాదనుకుంది. నది ఎగువన కొత్త నీళ్ళ కేంద్రం కట్టారు. దాన్ని చూసుకోవడానికి వెళ్ళమని పై అధికారి ఆమెను అడిగాడు. ఉండడానికి ఇల్లిస్తారు, సెలవు రోజున ఇంటికి రావచ్చు. ఎన్నాళ్ళనుంచో ఆమె కోరుకుంటున్న పని అది.

"నేను లేకపోతే ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు సార్" అంది.

ఆయన తలాడించి, ఇంకొకరిని వెతకడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కళ్ళద్దాలాయనకు కుడివైపు కింది దవడ పన్ను పోటు పట్టింది. చెంప బూరెలా ఉబ్బింది. నీళ్ళమ్మే వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. సైకిళ్ళ దుకాణం మీది మేడలో ఆయన ఆసుపత్రి. ఆయన పొడుగ్గా ఉంటాడు, కుర్చీలోని మనిషి మీదికి వంగి వంగి నడుము పోయింది.

డాక్టరు పన్ను తెరిచి, వేళ్ళ లోపలి సన్నటి కాలువల్లో కుళ్ళంతా సూదుల్లాంటి ఆకురాళ్ళతో గీకేశాడు. వాటినిండా తెల్లటి మందు నింపి, పైన చిటికెడు దూది పెట్టి, సిమెంటుతో మూశాడు. చేతులు కడుక్కుంటూ, "ఎవరికి వెళ్ళొచ్చు?" అని మామూలుగా అడిగాడు.

"ఇంకెవరికి? నాకే" అంది నీళ్ళమ్మ.

లోపల మందు ఉన్నన్నాళ్ళూ ఆ పంటి నొప్పి పన్ను ఉన్న మనిషికి ఉండదు. అతని మనుషుల్లో ఒకరికి వెళ్తుంది. ఎండలో నడిస్తే చెమట పట్టినట్టే ఇదీ. ఆ నొప్పి పడేవాళ్ళను మోసేవాళ్ళు అనేవారు. మందు తీసే రోజున మోసేవాళ్ళు కూడా వచ్చి కుర్చీ పక్క స్టూలు మీద కూర్చోవాలి. ఎందుకంటే మందు మొత్తం కడిగేశారో లేదో పైనుంచి కనపడదు. ఏ మలుపులోనో రవ్వంత మిగిలితే ఆ తరవాత నింపేది పట్టు పట్టదు, పన్ను మళ్ళీ చెడుతుంది. ఆ రవ్వంత మిగిలిందో లేదో మోసేవాళ్ళకే తెలుస్తుంది.

"మోసేవాళ్ళు గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించాలి. అటువైపు నమలకూడదు" అని చెప్పి డాక్టరు ఇంకొకరిని పిలిచాడు.

ఇంటికొచ్చి నీళ్ళమ్మ ఎదురుచూసింది. సాయంత్రానికి కళ్ళద్దాలాయన చెంప దిగిపోయింది. హాయిగా అన్నం తిని, పేపరు చదువుకున్నాడు. నీళ్ళమ్మకి ఏమీ లేదు. నాలుకతో తడిమి చూసుకుంది, వేలితో నొక్కి చూసుకుంది, చల్లనీళ్ళు పోసి చూసుకుంది. పన్ను రాయిలా ఉంది. మర్నాడూ అంతే.

ఆ వీధిలో ఇది చిన్న విషయం కాదు. నొప్పి ఎవరికి వెళ్తే వాళ్ళే ఆ మనిషికి అందరికన్నా దగ్గరని లెక్క. మంగలి పంటి నొప్పిని తను మోసినన్నాళ్ళూ అతని భార్య ఉబ్బిన చెంపతో పెళ్ళికూతురిలా తిరిగింది. తాళాల వర్తకుడి నొప్పి అతని కుక్కకి వెళ్ళింది. వాళ్ళావిడ ఇప్పటికీ ఆ కుక్కకి అన్నం పెట్టదు.

"ఏమ్మా, వచ్చిందా?" అని ఎదురింటి దర్జీ ఆవిడ కిటికీలోంచి అడిగింది.

"రాక ఎక్కడికి పోతుంది" అంది నీళ్ళమ్మ. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. లోపలికి వెళ్ళి చెంప మీదుగా తలకి గుడ్డ కట్టుకుంది.

ఒకసారి కట్టాక విప్పడం కష్టం. ఆఫీసులో అందరూ జాలిపడ్డారు. వీధిలో ఆడవాళ్ళు చిట్కాలు చెప్పారు. కళ్ళద్దాలాయన మాత్రం అద్దాల పైనుంచి చూసి, "బాగా నొప్పిగా ఉందా?" అన్నాడు.

"మీ నొప్పేగా, ఎలా ఉంటుందో మీకు తెలీదా" అంది.

ఆయన అద్దాలు సర్దుకున్నాడు.

మరి అసలు నొప్పి ఎవరికి వెళ్ళినట్టు? ఆ ఆలోచన ఆమెను లోపల్లోపల తొలిచేసింది. ఒకరోజు ఆఫీసునుంచి తొందరగా బయలుదేరి భర్త దుకాణం ఎదుటి మెట్ల మీద నిలబడి, వచ్చిపోయే ఆడవాళ్ళను చూసింది. ఒకావిడ చెంప మీద చెయ్యి వేసుకుని ఉంది. నీళ్ళమ్మ ఒక మెట్టు దిగింది. ఆవిడ చెయ్యి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, డబ్బులిచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ చెంప బాగానే ఉంది.

ఇంట్లో కండక్టరమ్మ అన్నం తగ్గించింది. రాత్రిపూట గంజి చాలనేది. "మీ ఆయన తెచ్చేవన్నీ ముదిరిపోయిన కూరలు. నమిలేసరికి తెల్లారుతోంది" అంది. కూతురు అలవాటు ప్రకారం వడపోసి, "అమ్మకి ఆకలి సరిగ్గా లేదట" అని చెప్పింది. మర్నాడు కళ్ళద్దాలాయన మెత్తగా పండిన అరటిపళ్ళు తెచ్చి బల్లమీద పెట్టాడు. అవి ఎవరికో నీళ్ళమ్మ పట్టించుకోలేదు. తన బాధలో తనుంది.

మందు తీసే రోజు వచ్చింది. ఆసుపత్రినుంచి ఫోను చేస్తే, ఈ వారం కుదరదంది. ఆ పై వారం చుట్టాలొస్తున్నారంది. ఆ తరవాత నీళ్ళ కేంద్రంలో తనిఖీ అంది. స్టూలు మీద కూర్చుంటే అబద్ధం బయటపడుతుందని ఆమె భయం. కళ్ళద్దాలాయన ఒకట్రెండుసార్లు, "వెళ్ళొద్దామా?" అన్నాడు. "నేను మోస్తున్నానుగా, మీకేం తొందర?" అంది. ఆయన అత్తగారి గది వైపు చూసి, దుకాణానికి బయలుదేరాడు.

చివరికి డాక్టరే ఫోను చేశాడు.

"పైన పూసింది తాత్కాలికపు సిమెంటమ్మా. ఈపాటికి అరిగిపోతూ ఉంటుంది. ఉమ్మి లోపలికి దిగిందంటే ఇక పీకడమే. రేపు పొద్దున తీసుకురండి."

ఇక తప్పలేదు. బయలుదేరుతుంటే కండక్టరమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేనూ వస్తా. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?"

ఆసుపత్రిలో లవంగం నూనె వాసన. కళ్ళద్దాలాయన కుర్చీలో వాలి నోరు తెరిచాడు. నీళ్ళమ్మ స్టూలు మీద కూర్చుంది. కండక్టరమ్మ తలుపు దగ్గర, కదిలే బస్సులో నిలబడ్డట్టు, ఒక చేత్తో గుమ్మం పట్టుకుని నిలబడింది.

డాక్టరు దీపం దించి, సిమెంటు తొలిచాడు. తెల్లటి పొడి రాలింది. లోపలి దూదిని చిమటాతో పట్టి బయటికి లాగాడు. పసుపుపచ్చగా, తడిగా ఉంది. దాన్ని దీపం దగ్గర చూసి, వాసన చూసి, "కుళ్ళు లేదు, మంచిదే" అని పక్కన పెట్టాడు. తరవాత సన్నటి సూది ఉన్న సిరంజితో ఒక్కో కాలువలోకి నీళ్ళమందు వదిలాడు. పాలలా తెల్లగా పొంగి వచ్చింది. సహాయకురాలు గొట్టంతో పీల్చేసింది. ఆకురాయి పెట్టి మెల్లగా కదిపి, మళ్ళీ కడిగాడు. ఈసారి పలచటి తెలుపు. మళ్ళీ కడిగితే, నీళ్ళలాగే వచ్చింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు, తలెత్తకుండా.

నీళ్ళమ్మ వంగి చూసింది. నీళ్ళు తేటగా వస్తున్నాయి. తేటనీళ్ళ సంగతి తనకి తెలియనిది కాదు. ఇంకేముంటుంది అనుకుంది.

"పోయింది" అంది.

"పూర్తిగా?"

"పూర్తిగా."

డాక్టరు సిరంజి పక్కన పెట్టి, కాలువలు ఆరబెట్టడానికి సన్నటి కాగితపు పుల్లలు అందుకున్నాడు.

"పోలేదు" అంది కండక్టరమ్మ, గుమ్మంలోంచి.

డాక్టరు పుల్ల పక్కన పెట్టాడు.

"వెనకవైపు వేరులో, కింద ఒంపు తిరిగే చోట ఇంకా ఉంది. రవ్వంతే" అని, చెంప మీద వేలు పెట్టి చూపించింది. వేలు పెట్టగానే ఆమె కన్ను చెమర్చింది.

డాక్టరు నీళ్ళమ్మ వైపు తిరిగి, "కాస్త జరుగుతారా అమ్మా" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం గానీ, వెక్కిరింత గానీ లేవు. నీళ్ళమ్మ లేచి గోడ పక్కకి వెళ్ళింది. కండక్టరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుని, అల్లుడి మోచేతి మీద చెయ్యి వేసింది. కళ్ళద్దాలాయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, ఇంకో చేతిని ఆమె చేతి మీద పెట్టాడు.

డాక్టరు ఆకురాయి కొన వంచి, వెనక కాలువలోకి దింపి, తిప్పి, నీళ్ళమందు వదిలాడు. సన్నటి తెల్లదారం లాంటిది ఒకటి తేలివచ్చింది.

"ఇప్పుడు?"

"ఉండండి... ఇంకోసారి."

మళ్ళీ కడిగాడు.

"పోయింది" అంది కండక్టరమ్మ. అని, ఎన్నాళ్ళ తరవాతో పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి గట్టిగా కొరికి చూసుకుంది.

డాక్టరు కాలువలు ఆరబెట్టి, రబ్బరు లాంటి గులాబీరంగు పుల్లలతో నింపి, మూసేశాడు. పైన తొడుగు వేయడానికి మళ్ళీ రమ్మన్నాడు. నీళ్ళమ్మ చెంప గుడ్డ విప్పి, మడతపెట్టి, సంచిలో వేసుకుంది.

ముగ్గురూ వీధిలోకి దిగారు. మొదట నీళ్ళమ్మే అడిగింది.

"ఎప్పట్నుంచి అమ్మా?"

"మందు పెట్టిన సాయంత్రంనుంచే. మీరు ఇంటి మెట్లెక్కేలోపే వచ్చేసింది."

"చెప్పొచ్చుగా."

"మర్నాడు చెబుదామని గదిలోంచి వచ్చేసరికి నువ్వు తలకి గుడ్డ కట్టుకుని కూర్చున్నావు. నీ పరువు తియ్యనా?"

"ఈయనకి తెలుసా?"

"మర్నాడే తెలిసింది" అన్నాడు కళ్ళద్దాలాయన. "మధ్యాహ్నం తినేటప్పుడు ఆవిడ కుడివైపు నమలడం లేదు."

నీళ్ళమ్మ ఆగిపోయింది. "మధ్యాహ్నం మీరిద్దరూ కలిసి తింటారా?"

"రోజూ తింటాం. నువ్వు ఆఫీసులో ఉంటే నాకు ఎవరు వడ్డిస్తారనుకున్నావు?"

"మాట్లాడుకుంటారా?"

"మాకు నోళ్ళు లేవా?" అంది కండక్టరమ్మ. "ఈయన దుకాణానికి ఎవరెవరొచ్చారో చెప్తాడు. నేను నా బస్సు సంగతులు చెప్తాను. ఒక్కోసారి దుకాణం తలుపు తెరవడం ఆలస్యమైపోతుంది."

"మరి పొద్దున్నా సాయంత్రం అన్నీ నాతో ఎందుకు చెప్పిస్తారు?"

అత్తా అల్లుడూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినవాళ్ళలా ఉన్నారు.

"నువ్వు చెప్తే బాగుంటుంది" అన్నాడాయన. "ఆవిడ తిట్టింది కూడా నీ నోట్లోంచి మర్యాదగా వస్తుంది."

"నీకది ఇష్టమనుకున్నాం" అంది తల్లి. "నువ్వు గడప దాటగానే మేం మామూలుగా ఉండేవాళ్ళం. నువ్వొచ్చేవేళకి ఎవరి చోట్లో వాళ్ళు."

నీళ్ళమ్మ మళ్ళీ నడక సాగించింది. మలుపు తిరిగాక, చిన్నగొంతుతో, "అయినా నాకెందుకు రాలేదు?" అంది.

"నన్నడిగితే? నేనేమైనా టిక్కెట్టు కొట్టి ఎక్కించుకున్నానా?" అంది కండక్టరమ్మ.

కళ్ళద్దాలాయన దవడ తడుముకుంటూ కొంతదూరం నడిచి, "నీకు వెళ్ళనందుకు నాకు సంతోషంగానే ఉండింది. నీకు అన్నీ నువ్వే మోయడం అలవాటు" అన్నాడు.

ఆ రాత్రి నీళ్ళమ్మకి కాసేపు ఏడుపొచ్చింది. ఎందుకో తనకే సరిగ్గా తెలియలేదు. ఇన్నేళ్ళూ తను పడ్డ శ్రమంతా అక్కర్లేనిదని తెలిస్తే, మనిషికి బరువు దిగినట్టూ ఉంటుంది, చేతిలోది ఎవరో లాక్కున్నట్టూ ఉంటుంది. ఏడ్చి పడుకుంది. నిద్ర బాగానే పట్టింది.

మర్నాడు పై అధికారి గదికి వెళ్ళింది.

"ఎగువ కేంద్రానికి ఎవరైనా దొరికారా సార్?"

"ఇద్దరు చూసి వచ్చారు. దూరమన్నారు. ఎందుకు?"

"నేను వెళ్తాను."

"మరి ఇంటి సంగతి?"

"వాళ్ళకి ఇబ్బందేం లేదు సార్" అంది నీళ్ళమ్మ.

బయలుదేరే రోజున ఆమె మంచం మీద కూర్చుంది. పెట్టె నేలమీద తెరిచి ఉంది. దానికి అటు కండక్టరమ్మ, ఇటు కళ్ళద్దాలాయన.

"దుప్పటి అడుగున పెట్టాలి అల్లుడుగారూ. దిగగానే కావలసింది పైన ఉండాలి. ఎన్ని పెట్టెలు బస్సెక్కించాను నేను?"

"దిగగానే ఆమెకు దుప్పటే కావాలి అత్తయ్యా. నది పక్కన చలి."

"చలైతే శాలువా ఉంది."

"శాలువా మీరు పెట్టలేదు."

"పెట్టాను. మీ కళ్ళద్దాలు తుడుచుకుని చూడండి."

ఆయన నిజంగానే అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, వంగి వెతికాడు. శాలువా లేదు. కండక్టరమ్మ గొణుక్కుంటూ బీరువా దగ్గరికి వెళ్ళింది. ఆ మాటలు ఎవరూ ఎవరికీ అందించనక్కర్లేకపోయింది. నీళ్ళమ్మ రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది.