మూట విప్పే చేతులు

"ఇంట్లో గుచ్చుకుందని చెప్పు. అర్థమైందా? బట్టలు కుట్టుకుంటుంటే గుచ్చుకుందను."

కాంట్రాక్టరు ఆ మాట గదిలోకి పిలిచి చాటుగా అనలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే తన షెడ్డులో, పట్టపగలు, నలభైమంది ఆడవాళ్ళ ముందు అన్నాడు. అందరూ పొడుగమ్మ అని పిలిచే మనిషి అరచేతిలో సూది దిగి ఉంది. ఏ వార్డులో ఏ రోగి ఒంట్లోంచి తీశారో, దుప్పటి మడతలో పడి మూటతోపాటు వచ్చేసిన సూది. నలభైమందీ చూశారు. నలభైమందీ తలలు వంచుకుని మళ్ళీ ఉతుకులో పడ్డారు. పొడుగమ్మ మారుమాట్లాడకుండా కాగితం మీద వేలిముద్ర వేసింది. రెండేళ్ళు మంచంలో తీసుకుని పోయింది. ఎవర్ని తిట్టాలో మీరే చెప్పండి! నన్నడిగితే ముందు వాణ్ణి తిడతాను, ఆ తర్వాత ఈ నలభైమందికీ అంత భయం ఎక్కణ్ణించి వచ్చిందో చెబుతాను.

ఆ నలభైమందిలో బాయిలరమ్మ ఒకతి. బాయిలరు దగ్గర పని కాబట్టి ఆ పేరు. యాభై దాటిన మనిషి. పిరికిది. కుక్క మొరిగితే వీధి మారుతుంది. యూనిఫారం కనబడితే, అది ఉత్తరాలు పంచేవాడిదైనా సరే, గోడ పక్కకు తప్పుకుంటుంది. అలాంటి మనిషి, పొడుగమ్మను సాగనంపిన వారానికి ఎనిమిదిమందిని వెంటేసుకుని షెడ్డులోంచి బయటికి నడిచింది. ధైర్యమొచ్చి కాదు. ఆ షెడ్డులో అడుగుపెడితే ముచ్చెమటలు పట్టి కళ్ళు తిరుగుతున్నాయని.

తొమ్మిదిమందీ కలిసి సొసైటీ పెట్టుకున్నారు. మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఒక గది తీసుకుని, పాత బాయిలరు ఒకటి బాగుచేయించి, ఆసుపత్రి చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఆ పని సంపాదించారు. యజమాని అంటూ వేరే ఎవడూ లేడు. వాడలో ఏ ఇంట్లో పురుడొచ్చినా ఉడకబెట్టి ఆరేసిన దుప్పట్లు ఊరికే పంపుతారు. కాంట్రాక్టరు షెడ్డులో మూట విప్పే పని కొత్తగా చేరినదాని మీదో, నోరులేనిదాని మీదో పడేది. ఇక్కడ వంతులు, రోజుకొకరు. మోచేతులదాకా మందపాటి తొడుగులు, చేతిలో పట్టకారు. ఆసుపత్రికి వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే: వార్డులో వాడిన సూదులు డబ్బాలో పడాలి, గుడ్డలు మాత్రమే మూటలోకి రావాలి. ఆ ఒక్క షరతుతో ఏడాదిన్నరపాటు ఎవరి చేతి మీదా గీత పడలేదు.

పది రోజుల కిందట మొదటి సూది పట్టకారుకు తగిలి గచ్చు మీద టింగుమంది. మర్నాడు రెండు దొరికాయి. ఆ మర్నాడు సిరంజితో సహా వచ్చింది.

"ఆసుపత్రివాళ్ళని నిలదీద్దాం పదండే," అంది రేడియో. పొద్దున తలుపు తీసినప్పుడు తెరిచిన నోరు సాయంత్రం తలుపు మూసినా మూయదు కాబట్టి ఆమెకా పేరు.

"నువ్వు కాసేపు ఆగు తల్లీ," అంది బాయిలరమ్మ. "ఒప్పందం మళ్ళీ రాసే నెల ఇది. ఆ కాంట్రాక్టరు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. మనం పేచీ పెడితే మూటలన్నీ మళ్ళీ వాడి షెడ్డుకే పోతాయి. కాస్త చూసుకుని విప్పండి, అంతే."

కాస్త చూసుకుని విప్పారు. పది రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని విప్పారు. వంతు వచ్చినవాళ్ళకి ఆ పూట అన్నం సహించేది కాదు. వంతు అయిపోయినవాళ్ళు పక్కవాళ్ళ మొహం చూడలేకపోయేవాళ్ళు.

పదకొండో రోజు వంతు బాయిలరమ్మ కోడలిది. ఆరు నెలల పిల్లని ఇస్త్రీ బల్ల పక్కన బుట్టలో పడుకోబెట్టి, తొడుగులు వేసుకుని మూట ముడి విప్పింది. పైదుప్పటి పట్టకారుతో లాగింది. అది రాలేదు. రెండో చెయ్యి వేసి గట్టిగా లాగింది.

"అత్తా!"

బాయిలరమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. పరుగున వచ్చి తొడుగు లాగి చూసింది. చూపుడువేలి మీద ఎర్రటి చుక్క, చీమ కుట్టినంత. దాన్ని చూస్తూ ఉండగానే ఆమె నోరు తనంతట తనే మాట్లాడేసింది.

"ఎవరికీ చెప్పకే. ఇంట్లో గుచ్చుకుందందాం."

తను ఏమందో ముందుగా బాయిలరమ్మ చెవికే చేరింది. బల్ల పట్టుకుని నిలబడింది.

కోడలు కుళాయి కింద వేలు పెట్టి సబ్బుతో రుద్దుతూనే ఉంది. బుట్టలో పిల్ల లేచి ఏడుపందుకుంది. పాలవేళ. కోడలు అటు రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఇవ్వొచ్చా అత్తా? దీనికి పాలివ్వొచ్చా?"

తొమ్మిదిమందిలో ఒక్కరికీ తెలియదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి తనూ ఏడుస్తోంది. దానికంటే భయం పుట్టించేదేదీ ఆ గదిలోకి అంతవరకూ రాలేదు.

"బాయిలరు ఆపండి," అంది రేడియో. "మీటింగు. ఇప్పుడే, ఇక్కడే."

మీటింగంటే కుర్చీలేం లేవు. మూటల చుట్టూ నిలబడ్డారు.

"ఆ మాట ఎవడిదే అక్కా?" అంది రేడియో. "వాణ్ణి ఆ షెడ్డులోనే వదిలేసి వచ్చామనుకున్నాం గదా. నీ నోట్లో కూర్చుని మనతోపాటే వచ్చాడా?"

"దాన్నెందుకంటావు?" అని అడ్డం వచ్చింది ఇస్త్రీ చేసే ముసలామె. "ఈ పని పోతే ఈ వయసులో నన్నెవడు పిలిచి పనిస్తాడు? బాయిలరమ్మ అన్నదాంట్లో తప్పేముంది?"

"నీ వేలైతే తెలిసేది తప్పేముందో!"

"నా వేలైనా నోరు మూసుకునేదాన్నే! ఇన్నాళ్ళూ మూసుకోలేదా ఏంటి?"

బాయిలరమ్మ కూలబడింది. "తప్పైపోయిందే. సొసైటీ పోతుందేమోనని గుండె జారిపోయింది. కోడలని కూడా చూసుకోలేదు. పది రోజులుగా సూదులొస్తుంటే మీ నోళ్ళు మూయించింది నేనే. నన్ను తిట్టండి, కొట్టండి, కానీ ముందు దీన్ని తీసుకుపోదాం పదండి."

మందుంది. సొసైటీ పెట్టిన కొత్తలో ఒక నర్సు చెప్పింది. సూది గుచ్చుకున్నాక రోగం అంటకుండా ఆపే మాత్రలు. ఎంత తొందరగా మింగితే అంత మంచిది, మూడు రోజులు దాటాక మింగినా లాభం లేదు. ఆ మాత్రలు ఆసుపత్రి స్టోరులోనే ఉంటాయి, డాక్టరు చీటీ రాస్తేనే ఇస్తారు. సాక్ష్యంగా విప్పని మూటలు పద్నాలుగూ బండి మీదికెక్కించి, పిల్లని ముసలామె ఎత్తుకోగా, తొమ్మిదిమందీ ఆసుపత్రి దారి పట్టారు.

సూపరింటెండెంటు గదిలో కాంట్రాక్టరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. కబురు వీళ్ళకంటే ముందు చేరిపోయింది మరి!

"చూడమ్మా, మాత్రలదేముంది, ఇస్తాం," అన్నాడు సూపరింటెండెంటు, ఎంతో మంచివాడిలా. "ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పెట్టు."

బాయిలరమ్మ కూడబలుక్కుంటూ చదివింది. సొసైటీవాళ్ళ అజాగ్రత్త వల్ల ఈ ప్రమాదం జరిగింది. వార్డుల్లో ఏ లోపమూ లేదు. నేటి నుంచి ఉతుకు పని మా అంతట మేమే వదులుకుంటున్నాం.

"పెట్టకపోతే?" అంది రేడియో.

"చీటీ ఎలా రాయిస్తాను? ఆ సూది ఎక్కడ గుచ్చుకుందో నాకేం తెలుసు?"

"తొందరేం లేదు లెండి సార్, ఆలోచించుకోనివ్వండి," అన్నాడు కాంట్రాక్టరు, గోడ గడియారం వైపు చూస్తూ. "మూడు రోజులుందిగా."

బయట వరండాలో పిల్ల ఏడుపు గొంతు పోయి కీచుగా వినబడుతోంది. కోడలు అటూ ఇటూ చూసి, "వద్దత్తా," అంది. బాయిలరమ్మ పెన్ను అందుకుంది. పెట్టేద్దామనే అందుకుంది. ఆ కాగితం మీద తలపెట్టి ఏడవాలనిపించింది. తొమ్మిదిమంది బతుకు ఒకవైపు, ఈ పిల్లతల్లి ప్రాణం ఒకవైపు. పిల్లతల్లే ముఖ్యం, అందులో అనుమానమేముంది! పెన్ను కాగితం మీద ఆనింది.

"డబ్బాలే లేవు కదండీ."

ఆ మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ వార్డు ఆయా అంది. అని, తనే అదిరిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి?" అన్నాడు సూపరింటెండెంటు.

ఆయా మొహంలో నెత్తుటి చుక్క లేదు. కానీ అనేసిన మాటని వెనక్కి ఎక్కడ పెట్టుకుంటుంది? "సూదులు వేసే డబ్బాలండీ. రావడం ఆగిపోయి పదకొండు రోజులైంది. డబ్బాలు పంపేది ఈ కాంట్రాక్టరు గారేగదండీ. అడిగితే ఉద్యోగం ఊడిపోద్దన్నారు. మేం ఎక్కడ వేస్తాం? చీకట్లో తడుముకున్నట్టు పక్కల మీద సూదులు ఏరుకుంటున్నాం. నాకూ గుచ్చుకుంది. మొన్ననే." ఆమె బొటనవేలికి చుట్టిన గుడ్డ విప్పి చూపించింది. "ఇంట్లో గుచ్చుకుందని రాయించుకున్నారండీ."

బాయిలరమ్మ పెన్ను కింద పెట్టేసింది. ధైర్యమని మీరనుకోకండి, ఆమె చేతిలో పట్టు లేదు. పెన్ను దొర్లి కాంట్రాక్టరు కాళ్ళ దగ్గర పడింది. తొమ్మిదిమందీ ఆయా వెంట బయటికొచ్చి, చీటీ రాసే డాక్టరు దగ్గరికే నేరుగా నడిచారు.

అత్యవసర విభాగం కిటికీ వెనక ఒక చిన్న వయసు డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఆమెకు చేరిన ఆదేశం ఆమె మొహంలోనే కనబడుతోంది.

"పైనుంచి సంతకం లేకుండా రాయకూడదమ్మా. నన్ను ఇబ్బంది పెట్టకండి."

"ఇబ్బంది నీకా నాకా అమ్మా?" అంది కోడలు. "నా బిడ్డకి పాలివ్వొచ్చో లేదో అదన్నా చెప్పు."

ఈలోగా కోడలి వెనక ఆయా వచ్చి నిలబడింది. ఆయాను చూసి గచ్చు తుడిచే అతను కర్ర గోడకానించి వచ్చాడు. "నాకు చెత్తబుట్టలో గుచ్చుకుంది డాక్టరమ్మా, పోయిన వారం." అతని వెనక మరో వార్డు ఆయా. ఆమె వెనక ఒక నర్సు, తెల్లకోటుతోనే, కళ్ళనీళ్ళతో. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఇన్నాళ్ళూ ఒకే వరండాలో ఒకరినొకరు రాసుకుంటూ తిరిగినవాళ్ళు. ఎవరి వేలు వాళ్ళు దాచుకుని తిరిగారు. వరస వరండా దాటింది, మెట్లు దిగింది, గేటు దగ్గర మూటల బండిదాకా పోయింది.

డాక్టరమ్మ లేచి నిలబడి ఆ వరసను చివరిదాకా చూసింది. మళ్ళీ కూర్చుని పెద్ద పుస్తకం తెరిచింది. "ఎక్కడ గుచ్చుకుంది?"

"ఆసుపత్రి మూటలో," అంది కోడలు.

"ఆసుపత్రి మూటలో," అని పైకి చదువుతూ రాసింది డాక్టరమ్మ. చీటీ చింపి ఇచ్చింది. "ముందు మాత్ర మింగు. పాలు ప్రస్తుతానికి ఆపు. పిల్లకి డబ్బాపాలు నేను పంపిస్తాను. పరీక్షలు చూసి మిగతాది చెబుతాను. తర్వాత ఎవరు?"

కోడలు మాత్ర మింగి నీళ్ళు తాగింది. చెంపల మీదికి నీళ్ళు కారినా తుడుచుకోలేదు. రేడియో ఆమెను కావిలించుకుని పెద్దగా ఏడ్చింది.

అప్పుడే గేటు ముందు పోలీసు వ్యాను ఆగింది. మూటలు దారికి అడ్డం పెట్టారని, ఉద్యోగుల్ని రెచ్చగొట్టారని సూపరింటెండెంటు ఫిర్యాదు. కర్రలతో పదిమంది దిగారు. "ఎవరు నాయకులు? సొసైటీ పెద్ద ఎవరు?" అంటూ ఇన్‌స్పెక్టరు వరస పొడుగునా నడిచాడు. అతను కోడలి దగ్గర ఆగి, చేతిలో చీటీ చూసి, "నువ్వేనా?" అన్నాడు.

"నేనయ్యా. నేనే పెద్దని," అంది బాయిలరమ్మ. ఆమె వరసలో నిలబడి ఉంది. ఎందుకు నిలబడిందో అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

"పద, వ్యానెక్కు."

"ఎక్కుతాను. నా వంతు వచ్చింది, ఒక్క నిమిషం." ఆమె కిటికీలోకి వంగింది. "నాకూ గుచ్చుకుందమ్మా. వాడి షెడ్డులో. ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. జ్వరమొచ్చినప్పుడల్లా ఇదే అయ్యుంటుందని మూలన పడుకునేదాన్ని. పరీక్ష చేయించుకోడానికి కూడా భయమే. రాసుకో తల్లీ."

"అక్కా!" అంది రేడియో. డాక్టరమ్మ రాసింది. బాయిలరమ్మ చేతి నుంచి నర్సు సూదితో నెత్తురు తీసి చిన్న సీసాలో పోసేదాకా ఇన్‌స్పెక్టరు ఏమనుకున్నాడో, నిలబడ్డాడు.

వ్యాను వైపు నడిచేటప్పుడు బాయిలరమ్మ కాళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మెట్టు మీద కాలు జారింది. ఇన్‌స్పెక్టరు రెక్క పట్టుకుని, కాస్త ఎగతాళిగా అన్నాడు.

"ఇంత భయపడేదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ?"

"భయమేనయ్యా. చచ్చేంత భయం," అంది ఆమె. "ఒక్కొక్కళ్ళం ఎవరింట్లో వాళ్ళం భయపడలేకే ఇంతమందిమి ఇక్కడికొచ్చాం."

కర్రలు పట్టుకున్నవాళ్ళు వరసను తొయ్యడం మొదలుపెట్టారు. వరస వంగింది, గోడకు ఒత్తుకుంది, కానీ విడిపోలేదు. ఇస్త్రీ ముసలామె పిల్లని కోడలి చేతికిచ్చి, బాయిలరమ్మ ఖాళీ చేసిన చోటులోకి వచ్చి నిలబడి, ఎప్పుడో సూది గుచ్చుకున్న తన వేలు కిటికీలోకి చాపింది.

"తర్వాత ఎవరు?" అని లోపలినుంచి డాక్టరమ్మ గట్టిగా పిలిచింది.