తొమ్మిదో మనిషి

స్విట్జర్లాండ్ అంటే అందరూ మంచు, కొండలు అనుకుంటారు. రేవతికి మాత్రం అది మావయ్యగారి ముందు నోరు విప్పడానికి దొరికిన ఎనిమిది రోజుల గడువు. అందులో ఐదు రోజులు అప్పుడే గంగలో కలిశాయి.

ఆవిడకి కావలసింది ఒక్కటే. కూతురు అక్షితని తీసుకుని రెండేళ్లపాటు బెజవాడలో ఉండాలి. పిల్లకి నాలుగేళ్ల ఎనిమిది నెలలు, ఇంతవరకూ "అమ్మా" అన్న మాట కూడా లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. తలుపులు తెరుచుకుంటున్నా మూసుకుంటున్నా మాత్రం ఒళ్లు మరిచిపోయి చూస్తుంది. వేసవి మొదట్లో బెజవాడ డాక్టరమ్మ దాచకుండా చెప్పేసింది. ఇది ఆటిజం, వారానికి ఐదు రోజులు శిక్షణ కావాలి, ఐదో ఏడు వెళ్లకముందే మొదలుపెట్టాలి, ఇప్పటికే ఆలస్యం చేశారు అని.

గుడివాడలో ఆ ఇంట్లో మావయ్య శోభనాద్రిగారు అవునంటే అవును, కాదంటే కాదు. రైసుమిల్లు ఆయనది, చేపల చెరువులు ఆయనవి, కొడుకు వెంకట్ నోట్లో నాలుక కూడా ఆయనదే. "ఇక్కడ కాదు రేవతీ, టూరుకెళ్లాక చెబుతా. కొండలవీ చూస్తే నాన్న మెత్తబడతారు," అన్నాడు వెంకట్. కొండలు చూశారు, సరస్సులు చూశారు. శోభనాద్రిగారు మెత్తబడ్డారు కూడా. పెగలనిది వెంకట్ గొంతే. పొద్దున అడిగితే రాత్రికి, రాత్రి అడిగితే పొద్దునకి వాయిదా వేశాడు.

అత్తగారు ఇందిరాదేవి తన వైద్యం తను మానలేదు. సూట్‌కేసులో కుక్కరు, బియ్యం, ఆవకాయతో పాటు వసకొమ్ము కూడా తెచ్చుకుంది. రోజూ పొద్దున్నే హోటలు వాష్‌బేసిన్ దగ్గర అరగదీసి, పిల్ల నాలిక్కి రాసేది. అది చేదుకి మొహం చిట్లించి గుక్కపట్టి ఏడిస్తే, "చూడు, గొంతెలా ఉందో! మీ మావయ్యగారికి ఐదో ఏట వచ్చాయి మాటలు. ఇప్పుడు ఆపమను చూద్దాం!" అనేది. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. మొదట్లో రేవతీ నవ్వేది. ఈ మధ్య ఆ మాట రాగానే లేచి బయటికి వెళ్లిపోతోంది.

ఆరో రోజు ఇంటర్లాకెన్ స్టేషన్లో రైలెక్కాలి. మొత్తం తొమ్మిది మంది. అత్తమావలు, రేవతి, వెంకట్, అక్షిత, ఏడాదిన్నర చంటాడు, వెంకట్ అక్క వందన, ఆవిడ మొగుడు పిచ్చేశ్వరరావు, వాళ్లబ్బాయి. రేవతి ప్లాట్‌ఫారం మీద చంటాణ్ణి చంకనేసుకుని, వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అనబోయింది. ఇందిరాదేవి టపీమని ఆ చేతి మీద కొట్టింది.

"మనుషుల్ని వేలెట్టి లెక్కపెడతారా ఎవరన్నా? గొర్రెల మందా మనం? ఆయుష్షు తరిగిపోద్ది. పుట్టింట్లో ఎవరూ నేర్పలేదా?"

రేవతి పుట్టిల్లు అవనిగడ్డ. అక్కడా నేర్పారు. పదిమంది పిల్లలు బంతిలో కూర్చుంటే విస్తళ్లు లెక్కపెట్టాలి గానీ తలలు లెక్కపెట్టకూడదని వాళ్ల నాయనమ్మా చెప్పేది. అందుకే చెయ్యి దించేసింది.

"పాప సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు చంటాడితో ఎక్కు," అంది వందన.

"సరే వదినా."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రైలు మధ్యలో ఒక చిన్న స్టేషన్లో రెండుగా విడిపోతుంది. ముందు పెట్టెలు గ్రిండెల్‌వాల్డ్‌కి, వెనక పెట్టెలు లాటర్‌బ్రునెన్‌కి. వీళ్లు వెళ్లాల్సింది రెండో ఊరికి. బోర్డు మీద రాసే ఉంటుంది. మనవాళ్లు బోర్డులు చదివితే ఇంకేం, కిటికీ సీటు దొరికితే చాలు. రేవతి, పిచ్చేశ్వరరావు సామాన్లతో వెనక పెట్టెలో ఎక్కారు. మిగతావాళ్లు ముందు పెట్టెలో కిటికీలు దొరికాయని అక్కడ సర్దుకున్నారు.

ఆ చిన్న స్టేషన్లో రైలాగింది. ముందు పెట్టెలోంచి వెంకట్ కేకలు.

"దిగండి, దిగండి! ఇది వేరే ఊరు పోద్దంట! వెనక పెట్టెలోకి పదండి!"

వెంకట్ మోకాళ్ల నొప్పుల తండ్రిని పట్టుకున్నాడు. వందన కొడుకుని లాక్కొచ్చింది. ఇందిరాదేవి పులిహోర డబ్బాల సంచి గుండెలకి హత్తుకుని పరిగెత్తింది. రొప్పుతూ అందరూ రేవతి ఉన్న పెట్టెలోకి వచ్చిపడ్డారు. తలుపులు మూసుకున్నాయి. లెక్కపెడదామని రేవతికి మనసు పీకింది. చేతి మీద దెబ్బ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణానికి ఆవిడ తనని తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

"వదినా, అక్షితేది?"

"అమ్మ దగ్గరుందిగా," అంది వందన.

"నా దగ్గరెక్కడే? మీ నాన్న పక్కన కూర్చోబెట్టాను."

"వెంకట్ ఎత్తుకున్నాడనుకున్నా," అన్నారు శోభనాద్రిగారు.

అందరూ వెంకట్ వైపు చూశారు. అతని రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా! అద్దంలోంచి చూస్తే, ముందు పెట్టెలు పక్క పట్టాల మీద మలుపు తిరిగి పోతున్నాయి. రేవతి తలుపు మీద రెండు చేతులతో బాదింది. అది మళ్లీ తెరుచుకోలేదు. రైలు కదిలింది.

లాటర్‌బ్రునెన్‌లో దిగి స్టేషను ఆఫీసులోకి పరిగెత్తారు. కళ్లద్దాల పెద్దావిడ ఒకామె చాలా మర్యాదగా వివరాలడిగింది. వెంకట్ ఇంగ్లీషులో చెప్పాడు. ఎర్ర స్వెట్టరు, రెండు జడలు, పేరు అక్షిత. ఆమె ఫోనెత్తి అవతల స్టేషనువాళ్లకి చెబుతూ మధ్యలో ఆగి అడిగింది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా, మాట్లాడుతుందా అని.

వెంకట్ తండ్రి వైపు చూశాడు. శోభనాద్రిగారికి ఇంగ్లీషు రాదు, కానీ ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా ఆయనకి అర్థమవుతుంది. మెడ నిటారుగా పెట్టి నిలబడ్డారు.

"యెస్, యెస్. మాట్లాడుతుంది. కొంచెం సిగ్గు, అంతే," అన్నాడు వెంకట్.

రేవతికి ఇంగ్లీషు తెలుసు, డిగ్రీ చదివింది. విన్నది. నోరు తెరిచింది. ఇందిరాదేవి జబ్బ పట్టుకుని, "ఊరుకో, వాడు చెబుతున్నాడుగా. ఇంటి గుట్టు ఊరుకాని ఊళ్లో ఎందుకు?" అని గొణిగింది. రేవతి ఊరుకుంది. ఎనిమిదేళ్ల కాపురంలో ఊరుకోవడం ఆవిడకి ఊపిరి తీసినంత అలవాటైపోయింది.

ఇరవై నిమిషాలు. ముప్ఫై. నలభై. పిచ్చేశ్వరరావు పులిహోర పొట్లం విప్పబోయి, భార్య చూపు చూసి మళ్లీ కట్టేశాడు. ఫోను మోగింది. కళ్లద్దాలావిడ విని, నెమ్మదిగా చెప్పింది. గ్రిండెల్‌వాల్డ్‌లో పెట్టెపెట్టెకీ వెళ్లి పేరు పెట్టి పిలిచారు, ఎవరూ పలకలేదు. దారిలో దిగిపోయి ఉంటుందని మధ్య స్టేషన్లలో వెతుకుతున్నారు. ఆ రైలు వెనక్కి వెళ్లిపోయింది.

మధ్య స్టేషన్ల పక్కనే ఏరు పారుతుంది. వస్తూ చూసింది రేవతి, తెల్లగా నురగలు కక్కుతూ.

అత్తగారి చెయ్యి విదిలించుకుని బల్ల మీదికి వంగింది. వచ్చిన ఇంగ్లీషు కూడా సగం ఎగిరిపోయింది. "నో. షి నాట్ స్పీక్. మై డాటర్ నాట్ స్పీక్. పేరు తెలియదు దానికి. పిలవద్దు, వెతకండి. సీటు కింద చూడండి. తలుపు దగ్గర, తలుపు దగ్గర సీటు కింద చూడండి. భయమేస్తే దూరిపోతుంది." తెలుగో ఇంగ్లీషో తెలియకుండా వచ్చింది అదంతా. ఆమెకి ఎంత అర్థమైందో గానీ, ముందున్న కాగితం మీద ఒక మాట కొట్టేసి ఇంకోటి రాసింది, మళ్లీ ఫోనెత్తింది. గుడివాడలో రెండేళ్లు మొత్తుకున్నా ఎవరూ నమ్మని మాట, ముక్కూమొహం తెలియని మనిషి ఒక్క నిమిషంలో నమ్మి రాసుకుంది. రేవతికి ఏడుపాగలేదు.

దొరికింది. ఇంటర్లాకెన్ వెళ్తున్న రైల్లో, తలుపు పక్కన చివరి సీటు కింద, గోడకి అతుక్కుని. ఇంకో గంటకి రైలుమనిషి ఒకాయన ఎత్తుకుని తెచ్చాడు. భయంతో బట్టలు తడిపేసుకుంది. ఎడమ మణికట్టు తనే కొరుక్కుంది, నెత్తురు చారలు కట్టింది. ఏడవడం లేదు. తల్లి ఎత్తుకున్నా మెడ చుట్టూ చేతులు వెయ్యలేదు.

శోభనాద్రిగారు ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మిల్లులో కేకేస్తే హమాలీలు ఉలిక్కిపడే మనిషి, మనవరాలి గాయపడ్డ చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుంది రేవతి. మొగుడి కోసం చూడలేదు.

"మావయ్యగారూ, పాపకి మాటలు రావండి. సిగ్గు కాదు, జబ్బూ కాదు. నేర్పిస్తే కొంతన్నా వస్తాయన్నారు డాక్టరుగారు. బెజవాడలో రెండేళ్లుంటే చాలండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"లేవమ్మా, లే. నువ్వు చెప్పిందే నిజం," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. "తప్పు నాదే. ఇన్నాళ్లూ కళ్లు మూసుకున్నాను. ఇవాళే ఇప్పుడే ఏర్పాటు చేస్తాను, సరేనా?"

రేవతి పిల్లని ఎత్తుకుని లేచింది. నిజంగానే ఆయన జేబులోంచి ఫోను తీశారు. గుడివాడలో అప్పుడు రాత్రి ఎనిమిది అయ్యుంటుంది. మిల్లు గుమస్తా సత్తయ్య పలికాడు. బెజవాడలో ఇల్లు చూడమంటారు, ఏ పేట అంటారో, ఆస్పత్రికి దగ్గర్లో అయితే బాగుణ్ను, అప్పుడే ఆవిడ మనసులో గదులు సర్దేసుకుంటోంది.

"సత్తయ్యా, రేపు పొద్దున్నే వెల్డింగువాణ్ణి పిలిపించు. మేడ మీద వరండా మొత్తానికి గ్రిల్లు పెట్టించాలి. ఆఁ, పై దాకా. సందుల్లోంచి చెయ్యి కూడా పట్టకూడదు. తలుపుకి గడియ బయటివైపు పెట్టించు. మేం వచ్చేలోగా అయిపోవాలి."

ఇందిరాదేవి తలూపింది. "పనిమనిషి ఎస్తేరుని పగలంతా పైనే ఉండమందాం. బంగారంలా చూసుకుందాం దాన్ని. ఇక వీధి గుమ్మం దాటనిచ్చేది లేదు."

"బెజవాడండీ," అంది రేవతి. ఆయన ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"ఇంత జరిగాక కూడా బెజవాడంటావేంటమ్మా?" అన్నారు శోభనాద్రిగారు. కోపంగా కాదు, ఎంతో ప్రేమగా అన్నారు. "ఇంతమందిమి ఉండి పోగొట్టుకున్నాం. అక్కడ నువ్వొక్కదానివి ఏం కాస్తావు?"

రేవతి వెంకట్ వైపు తిరిగింది. "ఏమండీ, మీరు చెబుతానన్నారు." వెంకట్ కొండల వైపు చూస్తూ, "నాన్న ఇప్పుడే తేరుకున్నారు. తర్వాత చూద్దాం," అన్నాడు. తర్వాత అనేది లేదని ఆవిడకి తెలిసిపోయింది. ఐదో ఏడు నాలుగు నెలల్లో వెళ్లిపోతుంది. గ్రిల్లు రేపే వస్తుంది. అరిచినా, ఏడ్చినా, పుట్టింటికి పోయినా ఆ మాట మారదు. ప్రేమతో అన్నమాట కదా, ఇక దాన్ని ఎదిరించడానికి ఎవరూ తోడు రారు.

హోటలుకి వెళ్లే రైలొచ్చింది. ఈసారి ఇందిరాదేవే తలుపు పక్కన నిలబడి, ఒక్కొక్కరి భుజం తట్టి, పైకే లెక్కపెడుతూ ఎక్కించింది. తొమ్మిది అనగానే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. రేవతి పిల్లని ఒళ్లో పెట్టుకుని తలుపుకి ఎదురుగా కూర్చుంది. స్టేషనువాళ్లు కట్టు కట్టిన చెయ్యి వెచ్చగా తగులుతోంది.

బీప్ బీప్‌మని తలుపు రెండు రెక్కలూ దగ్గరికొచ్చి మూసుకున్నాయి. పొద్దుట్నుంచి మొదటిసారి అక్షిత మొహం విప్పారింది. కిలకిలా నవ్వి, రెండు చేతులతో చప్పట్లు కొట్టింది.